గుండీకి గుడిదీర్ఘం

ఫిబ్రవరి 11

తమ్ముడికి,

అక్క రాస్తున్నాను. కంగారుపడకు. తింటున్నాం, పడుకుంటున్నాం, లేస్తున్నాం. ఫోనులో మాట్లాడదామంటే నాకు ఏడుపొస్తుంది, నీకేమో దగ్గొస్తుంది. అది దగ్గు కాదని నాకు తెలుసు. అందుకే ఉత్తరం. ఇందులో ఏడిస్తే సిరా అలుక్కుపోతుంది, అంతే. పక్కింటివాళ్ళకు వినపడదు.

నా చిన్నోడు పోయి నిన్నటికి నాలుగు నెలలు. ఇవాళ ధైర్యం చేసి వాడి పెట్టె తెరిచాను. పానాలు, స్క్రూడ్రైవర్లు, లిఫ్టు కంపెనీవాళ్ళిచ్చిన రెండు చొక్కాలు తీసేసరికి అడుగున బిస్కెట్ల డబ్బా ఉంది. దాని నిండా వాడి గుండెలే. కూర్చుని లెక్కపెట్టాను. నూట నలభై మూడు గుండెలు. మురికి పట్టినవాటిని సబ్బునీళ్ళలో వేసి రుద్ది, కిటికీ దగ్గర తువ్వాలు పరిచి ఆరబెట్టాను. మీ బావ పని నుంచి వచ్చి చూశాడు. ఒక గుండె తీసి జేబులో వేసుకున్నాడు. అడిగితే "ఏ గుండె?" అంటాడు.

పెద్దవి ఉన్నాయి, రూపాయంతవి ఉన్నాయి. నవ్వే మొహాలవి, జెండాలవి, ఇంగ్లీషు రాతలవి. అన్నిటికీ వెనక సూది. డబ్బాలోనే ఒక నల్లగుడ్డ కూడా ఉంది. దాని మీద వరసగా గుచ్చి ఉంచేవాడు కదా, ఆ చిల్లులు అలాగే ఉన్నాయి. ఏ చిల్లుది ఆ చిల్లులోనే గుచ్చాను. మీ బావ కొట్టేసింది తప్ప అన్నీ కూర్చున్నాయి. కానీ మొదటి వరసలో మొదటి చోటు ఖాళీగా ఉంది. డబ్బాలో లేదు, పెట్టెలో లేదు, మంచం కింద లేదు.

అది నేను వాడికి పెట్టిన గుండె. అది లేకుండా ఆ గుడ్డను గోడకు తగిలించబుద్ధి కావడం లేదు. ఈ గుండెలు చేసే పనే కదా నీది. నీకేమైనా తెలుసా?

మరదలిని అడిగానని చెప్పు. జవాబు రాయి. దగ్గకుండా రాయి.

నీ అక్క

ఫిబ్రవరి 18

అక్కకు,

నీ ఉత్తరం మర దగ్గర నిలబడి చదివాను. "దాని నిండా వాడి గుండెలే" అన్నచోట చెయ్యి మర మీద నుంచి తీసేశాను. "సబ్బునీళ్ళలో వేసి రుద్ది" అన్నచోట కూర్చుండిపోయాను. మా అక్కకు మతి చలించిందనుకుని, బస్సులెప్పుడున్నాయో చూడమని మీ మరదలి చేతికి ఉత్తరం ఇచ్చాను. ఆవిడ చివరిదాకా చదివి, "వెనక సూది ఉందని రాశారు కదండీ. గుండెకు ఎక్కడైనా సూది ఉంటుందా? పొద్దస్తమానం మీరు నొక్కే బ్యాడ్జీలే ఇవి" అంది. నీ వల్ల నా ఇంట్లో నా పరువు పోయింది.

అవి గుండెలు కాదక్కా, గుండీలు. డకారానికి ఎత్వం కాదు, గుడిదీర్ఘం పెట్టాలి. ఎత్వం పెడితే ఒంట్లో ఉండేది. గుడిదీర్ఘం పెడితే చొక్కాకు ఉండేది. టైలరు షాపులో రోజుకు రెండొందల కాజాలు తీసి రెండొందల గుండీలు కుట్టే మనిషివి, ఒక్క గుండీ రాయలేకపోతే ఎలా?

ఇంకో సంగతి. వాటిని కడగకు. నీకు దండం పెడతాను, కడగకు. అది పళ్ళెం కాదు. ముందు గుండ్రటి రేకు, దాని మీద అచ్చేసిన కాగితం, దాని మీద అద్దంలాంటి పల్చని పొర, వెనక రింగు, రింగులో సూది. ఇవన్నీ కలిపి మరలో పెట్టి నొక్కితే అంచు లోపలికి మడుచుకుంటుంది. ఆ మడత సందులోంచి నీళ్ళు దిగితే కాగితం ఉబ్బి, రేకు తుప్పు పడుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

నాకు పని నేర్పిన గురువు చెప్పేవాడు, వీటికి నూట ముప్పై ఏళ్ళ వయసుందని. అంతకుముందు విదేశాల్లో ఎన్నికలొస్తే నాయకుల పేర్లు ఇత్తడి గుండీల మీద వేయించి కోటుకు కుట్టుకునేవారట. అందుకే ఈ బ్యాడ్జీలకు ఇప్పటికీ గుండీ అన్న పేరు మిగిలింది. "కుట్టుకున్నవాడు ఓడిపోతే తెల్లారేసరికి విప్పుకోవడం కష్టం, అందుకే సూది కనిపెట్టారు" అనేవాడు. సగం ఆయన సొంత కవిత్వం అయ్యుంటుంది.

ఎట్టి పరిస్థితుల్లోనూ వాటి వెనక భాగం తెరవకు. మళ్ళీ బిగించడం నీ వల్ల కాదు.

బావకు నమస్కారాలు. జేబులో ఉన్నది చొక్కాతోపాటు ఉతకవద్దు.

నీ తమ్ముడు

ఫిబ్రవరి 27

పంతులుగారైన తమ్ముడికి,

చదువు చెప్పమని రాయలేదు నేను. అయినా చెప్పావు. నన్ను రెండో తరగతిలో మాన్పించి నిన్ను ఎత్తుకోమన్నారు. నువ్వు బడికెళ్ళడం మొదలుపెట్టాక, సాయంత్రాలు నీ పలక మీద నువ్వు రాసినవే దిద్దుకున్నాను. నా అక్షరాల్లో తప్పులుంటే ముందు నీ పలకను నిలదియ్యి. ఇకమీదట ఆ మాట జోలికే పోను. బిళ్ళ అని రాస్తాను. దాంట్లో నువ్వు వంకపెట్టడానికి ఏమీ లేదు.

కడిగినందుకు పదకొండు బిళ్ళల్లో నీళ్ళు దిగాయి. ఒక నాయకుడికి మీసం కారి గడ్డమైంది. మనిషి ఇప్పుడే బాగున్నాడు.

తెరవద్దన్నావు, తెరిచాను. ఆరబెట్టకుండా ఎలా వదిలేస్తాను? తలపిన్నుతో లేపితే లోపల మడతపెట్టిన కాగితం ముక్క ఉంది. వాడి రాత. పదకొండిట్లోనూ ఉన్నాయి. ఎక్కడ లిఫ్టు బాగుచేశాడో, ఎవరిచ్చారో రాసుకున్నాడు. "హోటలు, ఆరంతస్తులు. తలుపు దగ్గర నిలబడే తాత ఇచ్చాడు. పద్దెనిమిదేళ్ళుగా తలుపు తీస్తున్నాడట, లిఫ్టు ఎక్కలేదట. ఎక్కించి రెండుసార్లు తిప్పాను." ఇంకోటి, "ప్రసూతి ఆస్పత్రి, మూడో అంతస్తు. నర్సు ఇచ్చింది. నవ్వు బాగుంది." బిళ్ళ మీద నవ్వే మొహం ఉన్నమాట నిజమే. కానీ బాగున్నది ఎవరి నవ్వో రాయలేదు దొంగవెధవ. ఆరేళ్ళపాటు ఆ ఆస్పత్రి లిఫ్టు నెలకోసారి పాడయ్యేది. ఇప్పుడు అర్థమవుతోంది.

ఇవన్నీ చదివాక ఆ మొదటిదాని మీద ఇంకా మనసు పీకుతోంది. దాని వెనక ఏం రాశాడో నాకు తెలియాలి.

అదెలా వచ్చిందో నీకు చెప్పలేదేమో. వాడికి అప్పుడు ఆరేళ్ళు. బడికి మొదటి రోజు. ముందురోజు షాపులో యూనిఫారాలకు మూడొందల గుండీలు కుట్టి వచ్చాను (ఈ మాట నీ ఉత్తరం పక్కన పెట్టుకుని చూసి రాశాను, మార్కులు వేసుకో). పొద్దున వాడి చొక్కా తొడిగితే రొమ్ము దగ్గర గుండీ లేదు. ఊరందరి చొక్కాలూ మూసి పంపిన దాన్ని, నా బిడ్డ చొక్కా నోరు తెరుచుకుని ఉంది. బండి వచ్చేసింది. కొత్తగా పెట్టిన చెప్పుల షాపువాడు ఊరికే ఇచ్చిన పసుపుపచ్చ బిళ్ళ గూట్లో ఉంటే దాన్ని గుచ్చి పంపాను. దాని మీద ఎర్ర చెప్పు బొమ్మ. సాయంత్రం సూదీదారం పట్టుకుంటే కుట్టనివ్వలేదు. "బళ్ళో ఎవరికీ ఇలాంటి గుండీ లేదమ్మా" అన్నాడు. అక్కడ మొదలైంది ఈ పిచ్చి.

ఆస్పత్రి నుంచి వాడి బట్టలు తెచ్చింది నువ్వే కదా. అందులో లేదా?

ఆగు, ఇంకోటి. మొన్న నాకు నచ్చిన బిళ్ళ ఒకటి పెట్టుకుని పోస్టాఫీసుకు వెళ్ళాను. గులాబి రంగు, బుడగల బొమ్మలు, ఇంగ్లీషు రాత. దారిలో మా టైలరు షాపు మేస్త్రీ కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. నాలుగు నెలలుగా నాతో మాట్లాడటానికి భయపడుతున్న పక్కవీధి ఆవిడ నా చెయ్యి పట్టుకుని నవ్వింది. పోస్టాఫీసు గుమాస్తా నా రొమ్ము మీదికి చూసి, "ఎన్నమ్మా?" అన్నాడు. తపాలా బిళ్ళలు కాబోలనుకుని "ఆరు" అన్నాను. "ఆరేనా?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. చాక్లెట్టు కూడా ఇచ్చాడు. లోకం ఇంత మంచిదెప్పుడైందిరా?

అడిగినదానికి జవాబు రాయి.

అక్క

మార్చి 7

అక్కకు,

లోకం అలాగే ఉంది. ఆ బిళ్ళ మీద "ఈ రోజు నా పుట్టినరోజు" అని ఉంటుంది. బుడగలు చూడగానే తెలిసింది, ఏటా వందల్లో చేస్తాం. నీకు ఎన్నేళ్ళని అడిగాడు గుమాస్తా. నువ్వు ఆరన్నావు. మీ మరదలు ఈ ముక్క చదివి కూరగాయల చాకు కింద పెట్టి మరీ నవ్వింది. ఎదురింటావిడకు చెప్పడానికి ఇప్పుడే వెళ్ళింది.

అసలు బిళ్ళ పనే అది. ఎన్నికలకు పెట్టుకున్నారు, సమ్మెలకు పెట్టుకున్నారు, చూయింగ్ గమ్ పొట్లంలో పెట్టి పిల్లలకు ఊరికే ఇచ్చారు. పై అధికారి ముందు నోరెత్తలేనివాడు చిన్న బిళ్ళ పెట్టుకుని ఎదురుగా నిలబడేవాడట. నోటితో చెప్పలేనిది రొమ్ము మీద పెట్టుకుంటే ఎదుటివాడే చదువుకుంటాడు. చిన్నోడు నా షాపుకు వచ్చినప్పుడల్లా ఇదే అనేవాడు. "మామయ్యా, నువ్వు మాట్లాడలేవు కాబట్టే ఈ వ్యాపారం పెట్టావు" అని. వాడి వేళాకోళం నీకు తెలుసు కదా.

పాతకాలంలో చేసినవాళ్ళే వెనక కాగితం పెట్టేవారు, తమ పేరూ ఊరూ అచ్చేసి. అది ఉంటే సేకరించేవాళ్ళు కళ్ళకద్దుకుంటారు. ఆ సంగతి నేనే వాడికి చెప్పాను. వాడు దాన్ని ఇలా వాడుకున్నాడన్నమాట.

ఆస్పత్రి రోజు సంగతులు నాకు సరిగా గుర్తులేవు. నిజంగానే రెండు రోజులుగా దగ్గు. అయినా పోయినదాని కోసం ఎందుకు వెతుక్కుంటావు. పసుపుపచ్చ కాగితం మీద ఎర్రబొమ్మ గీసి, సరిగ్గా ఆ కొలతలో కొత్తది నొక్కాను. ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఖాళీ చోట పెట్టి, గుడ్డ గోడకు తగిలించు. బావతో మేకు కొట్టించు.

తడపకు.

తమ్ముడు

మార్చి 15

తమ్ముడా,

నీ బిళ్ళ అందింది. బాగా చేశావు. అందుకే దొరికిపోయావు.

నేను నీకు ఎర్ర చెప్పు అని రాశాను. మన ఇళ్ళలో కాలికి వేసుకునేదేదైనా చెప్పే కదా, అలా రాశాను. నువ్వు చెప్పు గియ్యలేదు. బూటు గీశావు. ఎడమకాలి బూటు. లేసు ఊడి కిందికి వేలాడే బూటు. ఆ ఊడిన లేసు కోసమే కదా వాడు ఆరేళ్ళప్పుడు రోజంతా నవ్వింది, "చెప్పుల షాపువాడికే లేసు కట్టుకోవడం రాదమ్మా" అని. లేసు సంగతి నేను రాయలేదు. ఆ బిళ్ళ కళ్ళముందు పెట్టుకోకుండా ఆ లేసు ఎవరూ గీయలేరు.

చెప్పు అంటే బూటు పంపావు. చెప్పరా అంటే చరిత్ర చెప్పావు. ఇత్తడి గుండీలట, సమ్మెలట, చూయింగ్ గమ్మట. నేనడిగిన ఒక్క ముక్క తప్ప ప్రపంచంలో ఉన్నవన్నీ రాశావు. ఎంత తెలివిగలవాడివైనా, నీ ముక్కు తుడిచి పెంచినదాన్ని నేను.

ఎందుకు దాచావు? సేకరించేవాళ్ళు కళ్ళకద్దుకుంటారని రాశావే, ఎవరికైనా ఇచ్చేశావా? నీ షాపు అద్దాల బీరువాలో పెట్టుకున్నావా? నిజం చెప్పు, తిట్టను. తిడతాను, కానీ తరవాత మానేస్తాను. నాకు వాడివి నూట నలభై నాలుగు ఉన్నాయి. నూట నలభై మూడు వాడు ఊరంతా తిరిగి తెచ్చుకున్నవి. నేను ఇచ్చింది ఒక్కటే. ఆ ఒక్కదాని మీద వాడేమనుకున్నాడో తెలుసుకోకుండా నేనెలా ఉండను?

నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను. మీ బావ కొట్టేసిన బిళ్ళ దొరికింది. చొక్కా లోపలి వైపు, ఎవరికీ కనపడకుండా పెట్టుకుని పనికి వెళుతున్నాడు. దాని మీద "మరమ్మతు జరుగుతోంది, దయచేసి సహకరించండి" అని ఉంది. లిఫ్టు ముందు నిలబడి పనిచేసేటప్పుడు చిన్నోడు పెట్టుకునేది. నేను చూసినట్టు ఆయనకు చెప్పలేదు. సహకరిస్తున్నాను.

నువ్వు కూడా సహకరించు.

అక్క

మార్చి 22

అక్కా,

బీరువాలో పెట్టుకోలేదు. ఎవరికీ ఇవ్వలేదు. నా మర పక్కన, సూదులుండే సొరుగులో ఉంది. అయిదు నెలలుగా ఆ సొరుగు తీసేటప్పుడు తల పక్కకు తిప్పుకుని తీస్తున్నాను. వేళ్ళకు సూదులు గుచ్చుకుంటున్నాయి. మీ మరదలికి కూడా చెప్పలేదు.

ఆ రోజు ఆస్పత్రిలో నాకు వాడి బట్టల సంచి ఇచ్చారు. చొక్కా మడతపెట్టబోతే జేబు లోపలి వైపు ఈ బిళ్ళ చేతికి తగిలింది. సూది వంగి ఉంది. నువ్వు ఆ చొక్కాను గుండెకు హత్తుకుంటావని నాకు తెలుసు. గుచ్చుకుంటుందని తీశాను. నమ్ము, అప్పుడు అంతే. సూది సరిచేసి, పదిరోజుల్లో నేనే తెచ్చి నీ చేతిలో పెడదామనుకున్నాను.

సూది మార్చాలంటే వెనక తెరవాలి కదా. తెరిచాను. లోపల కాగితం ఉంది. మిగతావాటిలా పెన్నుతో రాసింది కాదు. నాలుగు గీతల కాపీ పుస్తకంలోంచి చించిన ముక్క, పెన్సిలు రాత, అక్షరాలు ఒక్కోటి శనగగింజంత. ఏడెనిమిదేళ్ళప్పుడు రాసి ఉంటాడు. మూడే మాటలు.

"అమ్మ పెట్టిన గుండె."

ఎత్వమేనక్కా. గుడిదీర్ఘం కాదు.

అది చదివాక నీకు తెచ్చి ఇచ్చే బలం నాకు లేకపోయింది. రేపు వెళదామనుకున్నాను, వచ్చే వారం అనుకున్నాను. ఇంతలో నీ ఉత్తరం వచ్చింది. అందులోనూ అదే, "నేను వాడికి పెట్టిన గుండె" అని. నీకు మతి చలించిందనుకుని కూర్చుండిపోయానని రాశాను చూడు, అది అబద్ధం. వాడి కాగితంలో ఉన్న మాటే నీ కాగితంలోనూ ఉండేసరికి కూర్చుండిపోయాను. ఏం రాయాలో తోచక నీకు అక్షరాలు నేర్పాను. వెనక తెరవద్దన్నది కూడా అందుకే. వాడు అన్నిట్లోనూ రాసిపెట్టి ఉంటాడని భయపడ్డాను.

వాడు ఆ అక్షరం నీ దగ్గర నేర్చుకున్నాడు. నువ్వు నా పలక మీద నేర్చుకున్నావు. నిలదియ్యమన్నావు కదా, నిలదీశాను. ఒకటో తరగతిలో మాస్టారు నా పలక మీద రెండుసార్లు కొట్టేసిన అక్షరం అదే. నేను తరవాత దిద్దుకున్నాను. అప్పటికే నువ్వు నేర్చేసుకున్నావు. నీకు చెప్పడం మరిచిపోయాను. తప్పు నాది. ఇంట్లో ముగ్గురిదీ ఒకటే తప్పు.

రిజిస్టరు పార్సిలులో పంపుతున్నాను. కొత్త సూది వేశాను. కాగితం ఎలా మడిచి ఉందో అలాగే లోపల పెట్టాను. వెనక భాగం బిగించలేదు. గోటితో లేపితే వస్తుంది.

తిట్టు. తరవాత మానేయ్.

తమ్ముడు

ఏప్రిల్ 2

తమ్ముడికి,

తిట్లు ఫోనులో తిడతాను, రాస్తే బిళ్ళలు ఎక్కువ అంటించాలి.

పార్సిలు షాపుకే వచ్చింది. కాజా తీస్తున్నదాన్ని తీస్తున్నట్టే వదిలేసి అక్కడే విప్పాను. కాగితం చదివాను. నువ్వు భయపడినట్టేమీ కాలేదు. కాసేపు ఏడ్చాను, అది వేరే సంగతి. మేస్త్రీ కంగారుగా వచ్చి నా భుజం మీద నుంచి చూసి, "తప్పు రాశాడమ్మా, గుడిదీర్ఘం ఉండాలి" అన్నాడు. ఏడుపులోంచి నవ్వొచ్చింది నాకు. "మా ఇంట్లో ఇలాగే రాస్తామండీ" అన్నాను. ఆయన వెళ్ళి మంచినీళ్ళు తెచ్చాడు.

మొదటి చోట నీ దొంగబూటు పెట్టాను. అదీ వాడి మామయ్య చేసిందే కదా, ఉండనీ. దాని వెనక కూడా కాగితం పెట్టాను. "అయిదు నెలలు దగ్గినవాడు ఇచ్చాడు" అని రాశాను. నిన్న మీ బావ మేకు కొట్టాడు. గుడ్డ గోడకెక్కింది. ఆయనది మాత్రం అడగలేదు. మరమ్మతు ఇంకా జరుగుతోంది.

అసలుది గుడ్డ మీద పెట్టలేదు. నేను పెట్టుకున్నాను. ఇవాళ దానితోనే పోస్టాఫీసుకు వచ్చాను. గుమాస్తా చూసి, "ఇవాళ పుట్టినరోజు కాదామ్మా?" అన్నాడు. "కాదు నాయనా, అది అయిపోయింది, నాకు ఆరు నిండాయి" అన్నాను. నవ్వి, "మరి ఇదేం బిళ్ళ?" అన్నాడు. అడిగినవాళ్ళకు వాడి గురించి ఇన్నాళ్ళూ నేను చెప్పలేకపోయాను కదా. ఇవాళ చెప్పాను. బండి వచ్చేసిన దగ్గర నుంచి లేసు ఊడిన దాకా మొత్తం. నా వెనక నలుగురు వరసలో ఉన్నారు. ఎవరూ తొందరపెట్టలేదు. ఒకాయన "ఎడమ బూటేనా?" అని వంగి చూశాడు కూడా.

బల్ల దగ్గర నిలబడే ఇది రాస్తున్నాను. నీ పాఠం వృథా పోలేదు. నాకిప్పుడు గుడిదీర్ఘం వచ్చు. ఇదిగో చూడు, గుండీ, గుండీ, గుండీ. వచ్చింది కాబట్టి ఎక్కడ పెట్టాలో ఎక్కడ మానాలో ఇక నా ఇష్టం.

ఇవాళ షాపులో రెండొందల పది గుండీలు కుట్టాను. ఇప్పుడు ఇంటికి వెళ్ళి గుండెలు తుడుచుకోవాలి. పొడిగుడ్డతోనే.

అక్క